పోటీ తగ్గితే గింజ తగ్గింది

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సంవత్సర ప్రారంభ సభలో ఒక పూర్వ విద్యార్థి, విశ్రాంత వృక్షశాస్త్ర అధ్యాపకులు చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు ఫోన్ చేసి, "ఇరవై నిమిషాలు ఇస్తాం సార్, మీ సబ్జెక్టులోనే మాట్లాడండి, కాకపోతే అందరికీ అర్థమయ్యేలా" అన్నారు. ఆయన కాలేజీలో నా దగ్గర రెండేళ్లు చదువుకున్నారు. కాబట్టి ఆ చివరి మాట ఊరికే అన్నది కాదని నాకు తెలుసు. అయినా ఒప్పుకున్నాను. ఈ నెలాఖరున సర్వసభ్య సమావేశం ముందుకు రాబోయే ఒక తీర్మానానికీ, నేను జీవితమంతా చెప్పిన పాఠానికీ నేరుగా సంబంధం ఉంది.

ఆ తీర్మానం మీ అందరికీ వాట్సాప్‌లో వచ్చింది. బడి వెనకాల ఖాళీగా పడి ఉన్న ఎకరంన్నర కంపను కొట్టించి, నేల చదును చేసి, పచ్చిక, పూలమొక్కలు వేయించి, ఇరవై తేనెటీగల పెట్టెలు పెట్టిద్దామని ప్రతిపాదన. పిల్లలకు ప్రకృతి పాఠం, చుట్టుపక్కల కంది, పొద్దుతిరుగుడు రైతులకు మేలు, బడికి కాస్త తేనె ఆదాయం. ఆలోచన వెనక మంచి మనసు ఉంది. దానిలో ఒక్క మార్పు కోరడానికే వచ్చాను. ఎందుకు కోరుతున్నానో చెప్పాలంటే మిమ్మల్ని ముందు ఎనిమిదో తరగతికి, తర్వాత అమెరికాలో ఒక కొండమీదికి తీసుకుపోవాలి.

ఎనిమిదో తరగతిలో పరాగ సంపర్కం చదువుకున్నాం. కేసరాల మీది పుప్పొడి కీలాగ్రం మీద పడితే గింజ కడుతుంది. గాలి, నీరు, కీటకాలు దాన్ని మోస్తాయి. పరీక్షలో బొమ్మ గీసి భాగాలు గుర్తిస్తే ఐదు మార్కులు. ఆ పాఠంలో అందరికీ గుర్తుండేది ఈగ పువ్వు మీద వాలడం. గుర్తుండనిది, ఆ ఈగ అంతకుముందు ఏ పువ్వు మీద వాలిందన్నది. కందిపువ్వుకు కంది పుప్పొడే కావాలి. బీరపువ్వు మీద తిరిగి వచ్చిన ఈగ కందిపువ్వు మీద ఎన్నిసార్లు వాలినా గింజ కట్టదు. పైగా తనది కాని పుప్పొడి కీలాగ్రం మీద పేరుకుంటే, అసలైన పుప్పొడికి చోటు తగ్గుతుంది. కందిపువ్వు నుంచి ఈగ తీసుకెళ్లిన పుప్పొడి బీరపువ్వు మీద రాలితే అదీ వృథాయే. ఉత్తరం బట్వాడా అయినట్టే కనిపిస్తుంది, చేరింది మాత్రం వేరే ఇంటికి.

అదృష్టవశాత్తూ తేనెటీగలకు ఒక మంచి అలవాటు ఉంది. గూడు విడిచి బయల్దేరిన ఈగ ఆ ప్రయాణంలో చాలావరకు ఒకే రకం పూల మీద తిరుగుతుంది. ఈ సంగతిని రెండువేల మూడు వందల ఏళ్ల కిందటే గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ రాశాడు. మనం దీన్ని పూల పట్ల నిష్ఠ అనుకుందాం. పంటలకైనా అడవులకైనా ఈ నిష్ఠే ఆధారం.

ఇక్కడ ఒక మాట. నేను ఈగ అన్నా తేనెటీగ అన్నా తేనె పెట్టేవి మాత్రమే కాదు, తుమ్మెదతో సహా ఆ వంశం మొత్తాన్నీ ఉద్దేశించి అంటున్నాను. ప్రపంచంలో ఆ వంశంలో 20,000కు పైగా జాతులు ఉన్నాయి. తేనె నిల్వ చేసేవి వాటిలో గుప్పెడు.

మరి ఆ నిష్ఠ ఎక్కడి నుంచి వచ్చింది? ఈగ స్వభావమే అంత అని చాలాకాలం అనుకున్నారు. కొంతవరకు నిజమే. కొంత మాత్రం పక్కవాడి పోటీ వల్ల వచ్చిందని కొండమీది ప్రయోగాలు చెబుతున్నాయి.

అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో, రాకీ పర్వతాల్లో గోథిక్ అనే చోటు ఉంది. ఒకప్పుడు వెండి గనుల ఊరు. వెండి అయిపోయాక జనం వెళ్లిపోయారు. 1928 నుంచి అక్కడ రాకీ మౌంటెన్ బయలాజికల్ లేబొరేటరీ నడుస్తోంది. ఎత్తు దాదాపు 2,900 మీటర్లు, మన తిరుమలకు మూడు రెట్లు పైనే. ఎండాకాలంలో మంచు కరిగాక ఆ పచ్చిక బయళ్లు పూలతో నిండిపోతాయి. ఆ పూల మీద తిరిగేవి ముఖ్యంగా బంబుల్ బీలు. మన దేశంలో అవి హిమాలయాల్లో ఉంటాయి, మన మైదానాల్లో కనిపించవు. మన తుమ్మెదంత లావుగా, ఒళ్లంతా బొచ్చుతో ఉంటాయని ఊహించుకోండి.

ఆ బంబుల్ బీలలో ఒక్కో జాతికి నాలుక పొడవు ఒక్కో తీరు. పొడవు నాలుకది లోతైన పువ్వులోంచి తేనె సులువుగా తీస్తుంది. పొట్టి నాలుకది లోతు తక్కువ పూల మీద చురుగ్గా పనిచేస్తుంది. డేవిడ్ ఇనౌయే అనే శాస్త్రవేత్త ఇక్కడ రెండు జాతుల ఈగలను, రెండు రకాల పూలను ఎంచుకున్నారు. ఒకటి లార్క్‌స్పర్. నీలి ఊదా రంగు పువ్వు, వెనక్కి సాగిన సన్నటి కొమ్ములో తేనె దాచుకుంటుంది. రెండోది మన ఆయుర్వేదంలో చెప్పే వసనాభికి దగ్గరి చుట్టం. పొడవు నాలుక జాతి లార్క్‌స్పర్ మీద, మధ్యస్థపు నాలుక జాతి రెండో పువ్వు మీద ఎక్కువగా తిరుగుతున్నాయి. ఆయన ఒక జాతిని అక్కడి నుంచి తీసేసి చూశారు. వెంటనే రెండో జాతి, ఖాళీ అయిన పూల మీదికి వెళ్లడం ఎక్కువైంది. తిరగేసి చేసినా అంతే. 1978లో ఈ ఫలితం అచ్చయింది.

ఈగ వైపు నుంచి చూస్తే ఇందులో వింత లేదు. పోటీదారు ఉన్నంతకాలం అతని పూలలో తేనె ఖాళీ అవుతూ ఉంటుంది, అటు పోవడం దండగ. పోటీదారు పోయాక ఆ పూలన్నీ తేనెతో నిండి ఉంటాయి. ఇంటి పక్కన నిండు గిన్నె ఉండగా ఎవరు వదులుకుంటారు? ఈగకు అది లాభమే. పువ్వు సంగతి ఏమిటన్నది మిగిలిన ప్రశ్న.

ఆ ప్రశ్నను బెర్రీ బ్రోసి, హెదర్ బ్రిగ్స్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు అదే గోథిక్‌లో తీసుకున్నారు. 20 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పుతో 20 మళ్లు ఎంచుకున్నారు. మన లెక్కలో ఒక్కోటి పది సెంట్లు. ప్రతి మడినీ రెండు విధాలుగా పరిశీలించారు. ఒకసారి ఉన్నదున్నట్టుగా చూశారు. ఇంకోసారి ఆ మడిలో అన్నిటికంటే ఎక్కువగా ఉన్న ఒక్క బంబుల్ బీ జాతిని వలలతో పట్టి తీసేసి చూశారు. మిగతా జాతుల జోలికి పోలేదు. తర్వాత ఒక్కో ఈగ వెంటపడి అది ఏ పువ్వు నుంచి ఏ పువ్వుకు పోతోందో రాసుకున్నారు. ఈగల ఒంటి మీది పుప్పొడిని సూక్ష్మదర్శిని కింద పెట్టి అది ఎన్ని రకాలదో చూశారు. చివరికి లార్క్‌స్పర్ గింజలు లెక్కపెట్టారు.

2013లో వచ్చిన ఫలితం ఇది. మడిని ముట్టుకోనప్పుడు దాదాపు 78 శాతం ఈగలు ఒకే రకం పువ్వుకు కట్టుబడి తిరిగాయి. ఒక్క జాతిని తీసేశాక మిగిలిన జాతుల్లో అలా కట్టుబడినవి 66 శాతమే. వాటి ఒంటి మీద రకరకాల పుప్పొడి కలిసిపోయింది. లార్క్‌స్పర్ గింజలు దాదాపు మూడోవంతు తగ్గాయి.

ఈ ఫలితం ఎందుకు ముఖ్యమంటే, దానికి ముందు చాలామంది వేసిన కంప్యూటర్ లెక్కలు వేరేలా చెప్పేవి. ఒక పువ్వుకు పదిరకాల ఈగలు వస్తున్నప్పుడు ఒకటి పోతే మిగతా తొమ్మిది ఆ పని చూసుకుంటాయి, పెద్ద నష్టం ఉండదని ఆ లెక్కల సారాంశం. మిగతావి వస్తాయన్నది నిజమే. వచ్చిన ఈగ ఇంతకుముందు చేసినట్టే పనిచేస్తుందన్నది మాత్రం నిజం కాలేదు. ఉన్న ఈగల పనితనం, లేకుండా పోయిన ఈగ మీద కూడా ఆధారపడి ఉంది. ఇది చిన్న మళ్లలో, కొద్దికాలం జరిగిన ప్రయోగం. లోకంలోని ప్రతి తోటలో సరిగ్గా మూడోవంతే తగ్గుతుందని ఎవరూ అనకూడదు. కానీ పువ్వు మీద ఈగలు తిరుగుతున్నాయి కదా, అంతా బాగానే ఉందనుకునే ధైర్యం మాత్రం దీని తర్వాత ఎవరికీ ఉండకూడదు.

ఇప్పుడు మన రైతులకు దగ్గరి సంగతికి వద్దాం. పొద్దుతిరుగుడు సంకర విత్తనం మన రెండు రాష్ట్రాల్లోనూ పండిస్తారు. ఆ చేలో కొన్ని సాళ్లు మగవి, కొన్ని ఆడవి. ఆడ సాళ్లలో పుప్పొడి ఉండదు. మగ సాలు నుంచి ఆడ సాలుకు ఈగ పోతేనే విత్తనం. చిక్కేమిటంటే, పుప్పొడి కోసం వచ్చిన పెంపుడు తేనెటీగ మగ సాలులోనే ఉండిపోతుంది, తేనె కోసం వచ్చినది ఆడ సాలులోనే ఉండిపోతుంది. నిష్ఠ మరీ ఎక్కువైనా కష్టమే! కాలిఫోర్నియాలో సారా గ్రీన్‌లీఫ్, క్లెయిర్ క్రెమెన్ ఇలాంటి చేలలో గమనించి 2006లో రాశారు. అడవి ఈగలు ఉన్న చేలో అవి పెంపుడు తేనెటీగను తాకుతాయి, కదిలిస్తాయి, అది విసుగ్గా లేచి పక్క సాలుకు పోతుంది. ఈ కదలిక వల్ల తేనెటీగ పనితనం ఐదు రెట్ల దాకా పెరిగింది. అక్కడ అడవి ఈగలు స్వయంగా చేసిన పని తక్కువే, చేయించిన పని ఎక్కువ.

చూడండి, కొలరాడోలో పోటీ ఈగను ఒక రకం పువ్వుకు కట్టిపడేసింది, అక్కడ అదే కావాలి. కాలిఫోర్నియా చేలో అంతా ఒకే రకం పువ్వు, ఈగ సాలు మారాలి. అక్కడ పోటీ దాన్ని లేపి పంపింది. దారులు వేరు. రెండుచోట్లా రకరకాల ఈగలు ఉండటం వల్లే గింజ బాగా కట్టింది.

అయితే పోటీ అంతా మంచిదేనా? కాదు. ఒకే జాతి మందగా వచ్చి పడితే దాన్ని పోటీ అనలేం, అది ఆక్రమణ. స్పెయిన్‌కు చెందిన టెనెరిఫె దీవిలో టెయిడే జాతీయ వనం ఉంది. పూలకాలంలో అక్కడికి తేనెటీగల పెట్టెలు తెచ్చి పెడతారు. పెట్టెలు వచ్చాక అడవి కీటకాలు ఆ పూల మీద తగ్గిపోవడం 2019లో వెలువడిన పరిశోధన చూపింది. పెట్టెలకు దగ్గరగా ఉన్న పొదల మీదికి తేనెటీగలు విపరీతంగా వచ్చాయి, కాయ, గింజ కట్టడం మాత్రం తగ్గింది. దక్షిణ అమెరికాలో మరో ఉదాహరణ ఉంది. పంటల కోసమని చిలీకి తెచ్చిన ఐరోపా బంబుల్ బీ సరిహద్దు దాటి అర్జెంటీనాలోకి వ్యాపించింది. అక్కడి రాస్‌బెర్రీ పూల మీద ఎంత మూగాయంటే పూల కీలాలే విరిగి దెబ్బతిని పండు సరిగా కట్టలేదు.

ఇక మన బడి వెనకాల ఉన్న కంపలోకి వెళ్దాం. కొద్ది నెలలుగా ఉదయపు నడకకు అటే వెళ్తున్నాను. నీళ్ల ట్యాంకు కింద కొండ తేనెటీగల పట్టు ఉంది. చింతచెట్టు తొర్రలో పుట్ట తేనెటీగలు ఉన్నాయి. పొదలో అరచేయంత పట్టు పెట్టే చిన్న తేనెటీగ ఉంది. పాత ప్రహరీగోడ సందులో కుట్టని చిట్టి ఈగలు ఉన్నాయి. ఎండిపోయిన మోడుకు గుండ్రటి బెజ్జాలు పెట్టిన నల్ల తుమ్మెద ఉంది. గులాబీ ఆకుల అంచు అర్ధచంద్రాకారంలో కత్తిరించి ఉంటే తెగులు అనుకుంటారు. అది ఆకు కత్తిరించే ఈగ పని, పిల్లల కోసం ఆ ముక్కలతో గూడు చుట్టుకుంటుంది. ఇంకొన్ని ఒంటరి ఈగలు ఎవరూ తొక్కని గట్టి నేలలో సన్నటి బొరియలు చేసుకుని బతుకుతాయి.

వీటిలో ప్రతిదానికీ ఇంకొకటి చేయలేని పని ఉంది. తంగేడు పువ్వు చూడండి. దానిలో తేనె ఉండదు. పుప్పొడి కేసరాల చివరి సన్నటి రంధ్రాల లోపల ఉంటుంది. తుమ్మెద పువ్వును పట్టుకుని ఝుమ్మని ఒళ్లు అదిరిస్తే ఉప్పుడబ్బాలోంచి రాలినట్టు పుప్పొడి రాలుతుంది. వంగ, టమాటా పూల నిర్మాణమూ ఇలాంటిదే. పెట్టెల్లో పెంచే తేనెటీగకు ఇలా అదిరించడం రాదు. ఇరవై కాదు, రెండు వందల పెట్టెలు పెట్టినా రాదు. కంది పువ్వును నొక్కి తెరవడానికి బలమైన ఈగ కావాలి. 1991లో పటాన్‌చెరు ఇక్రిశాట్ కృషితో ప్రపంచంలోనే మొదటి కంది సంకర రకం ఐసీపీహెచ్-8 విడుదలైంది. అలాంటి విత్తనం తయారీలో మగ మొక్క పుప్పొడిని ఆడ మొక్కకు చేర్చేది ముఖ్యంగా ఆకు కత్తిరించే ఈగ, తుమ్మెద లాంటివే.

తీర్మానం ఉన్నదున్నట్టు అమలైతే ఏమవుతుంది? మోడు పోతే తుమ్మెదకు ఇల్లు పోతుంది. నేల చదును చేసి పచ్చిక పరిస్తే బొరియల ఈగలు పోతాయి. కంప కొడితే చిన్న తేనెటీగ పోతుంది. అవి పోయిన చోటికి ఒకే జాతి తేనెటీగలను, ఇరవై పెట్టెల నిండా, ఎకరంన్నరలో దించుతాం. ఈగల మోత ఎక్కువవుతుంది. ఫోటోలు బాగా వస్తాయి. చుట్టుపక్కల చేలలో గింజ పెరుగుతుందని మాత్రం నేను హామీ ఇవ్వలేను, తగ్గే అవకాశమూ ఉంది.

పెట్టెలు పెంచేవారి మీద నాకు ఏ విముఖతా లేదు. అది గౌరవమైన జీవనోపాధి. పొద్దుతిరుగుడు పూసే రోజుల్లో చేల గట్టున పెట్టెలు పెట్టుకోవడం రైతుకూ మంచిదే. నేను కోరే మార్పు ఇది. ఇరవై పెట్టెలకు బదులు రెండే పెడదాం, అవీ మన పుట్ట తేనెటీగలవి. పిల్లలు చూసి నేర్చుకోవడానికి రెండు చాలు. ఎకరంన్నరలో తరగతి గదుల వైపు సగం శుభ్రం చేయించి తోట వేద్దాం. వెనక సగం కంచె వేసి అలాగే వదిలేద్దాం. ఆ మోడును కొట్టవద్దు. గోడ పక్కన పది అడుగుల మట్టినేలను దున్నకుండా, పచ్చిక వేయకుండా వదలండి. తోటలో వేప, కానుగ, మునగ, రేగు, కుంకుడు, తులసి, తంగేడు ఉంటే ఏడాది పొడవునా ఏదో ఒకటి పూస్తూనే ఉంటుంది. పురుగుమందు మాత్రం ఆ ఆవరణలో వద్దు.

రెండు అభ్యంతరాలు ఇప్పటికే విన్నాను. మొదటిది పాములు. అందుకే కంచె అంటున్నాను, అందుకే గదుల వైపు శుభ్రం చేద్దామంటున్నాను. రెండోది, పిల్లలను కుడతాయని. ఒంటరిగా బతికే ఈగలకు కాపాడుకోవాల్సిన తేనెపట్టు ఉండదు, చేత్తో పట్టుకుంటే తప్ప సాధారణంగా కుట్టవు. ఆటస్థలం పక్కన ఇరవై పెట్టెలుంటే ఆ భయం ఎక్కువ. ట్యాంకు కింది పట్టు జోలికి మాత్రం ఎవరూ పోకూడదు.

సైన్సు ఉపాధ్యాయులకు ఒక విన్నపం. దీన్ని పిల్లల చేత కొలిపించండి. ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. వారానికి ఒకరోజు పొద్దున పది నిమిషాలు ఒక మొక్క ముందు కూర్చుని, ఏ రకం ఈగ వచ్చింది, ఇక్కడి నుంచి అదే రకం పువ్వుకు పోయిందా, వేరే పువ్వుకు పోయిందా అని నోటుబుక్కులో రాయాలి. కొన్ని మొగ్గలకు పలచటి గుడ్డసంచి కట్టాలి, కొన్నిటికి దారం గుర్తు పెట్టి వదిలేయాలి. నెల తర్వాత దేనికి ఎన్ని కాయలు, కాయకు ఎన్ని గింజలో లెక్కపెట్టాలి. కొలరాడోలో ఆ శాస్త్రవేత్తలు చేసింది కూడా మూలంలో ఇదే, ఈగ వెంట నడవడం, గింజలు లెక్కపెట్టడం. పదేళ్లు ఆగకుండా రాస్తే మన జిల్లాలో ఎవరి దగ్గరా లేని లెక్క మన బడి దగ్గర ఉంటుంది. స్వర్ణోత్సవానికి బడికి ఇవ్వదగిన కానుకల్లో అదొకటి అని నా అభిప్రాయం.

ఇలాంటి ప్రసంగాల చివర మనుషులకో నీతి చెప్పడం ఆనవాయితీ. ఈగల పోటీ నుంచి మార్కుల పోటీకి నీతి లాగమని నన్ను అడగకండి, అది ఈగలకూ పిల్లలకూ ఇద్దరికీ అన్యాయం. నేను చెప్పదలచింది ఆ ఎకరంన్నర గురించే. అక్కడ ఇప్పుడు ఉన్నవాటిని ఖర్చు లేకుండా ఉంచుకోవచ్చు. ఒకసారి పోగొట్టుకుంటే డబ్బు పెట్టి తెచ్చుకోలేం. తుమ్మెదలను పెట్టెల్లో పెట్టి అమ్మే దుకాణం మన దగ్గర లేదు.

నెలాఖరు సమావేశంలో చెయ్యి ఎత్తే ముందు, వీలైతే ఒక్కసారి పొద్దున్నే ఎనిమిదింటికి ఆ కంపలోకి వెళ్లి తంగేడు పొద ముందు నిలబడి వినండి. తర్వాత మీ ఇష్టం.

గంట కొట్టకముందే పాఠం ముగించాను, కార్యదర్శి గారు గమనించాలి.